పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీ: పాపకు ఏం చెప్పాలి?

ప్రశ్న (వరంగల్ నుంచి)
నమస్తే అండి. దసరా సెలవుల్లో మా రెండో క్లాసు పాపను హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి తీసుకెళ్లాను. ఈజిప్టు మమ్మీ ఉన్న అద్దాల పెట్టె దగ్గర నా కొంగు పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. పేరు నైషు, రాకుమారి అట అని చెప్పాను. "అమ్మా, ఈ అక్కను వాళ్ళమ్మ ఎందుకు పూడ్చలేదు?" అంది. మా అత్తయ్య పోయి ఇంకా ఏడాది కాలేదు. అదే మనసులో పెట్టుకుని అడిగిందని అర్థమై నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చాక పడుకునేటప్పుడూ అదే ప్రశ్న. శరీరం అన్ని వేల ఏళ్లు ఎలా నిలిచింది? అలా అందరికీ చూపించడం సబబేనా?

జవాబు (మచిలీపట్నం నుంచి)
అమ్మా, ముందు పాపకు ఈ ఒక్క మాట చెప్పండి: పూడ్చారు. ఎంతో శ్రద్ధగా పూడ్చారు. తర్వాతి కాలంలో వేరేవాళ్ళు తవ్వి బయటికి తీశారు.

శరీరం నిలవడం గురించి నాకు అర్థమైనట్టు చెప్తాను, పోలిక తప్పుగా అనుకోకండి. మా అమ్మ చేపను చీల్చి, లోపలిదంతా తీసి, ఉప్పు దట్టించి ఎండబెట్టేది. ఉప్పు నీటిని లాగేస్తుంది, నీరు లేనిచోట కుళ్ళు పట్టదు. ఈజిప్టులో వాడింది నేట్రాన్, అంటే మన చాకలి చౌడు లాంటి సోడా ఉప్పు. ఎడమ పక్కన కోసి ఊపిరితిత్తులు, కాలేయం, కడుపు, పేగులు తీసేవారు. గుండెను మాత్రం లోపలే ఉంచేవారు. పై లోకంలో దాన్ని ఈకతో తూచి మంచిచెడులు తేలుస్తారని వాళ్ళ నమ్మకం. ఎండాక నార గుడ్డ పట్టీలు పొరలు పొరలుగా చుట్టి బంక పూసేవారు. మొత్తం 70 రోజుల పని. అన్ని రోజులు ఒక మనిషి కోసం చేతులు అరిగేలా పని చేశారంటే అది ప్రేమ కాక ఏమిటి?

జవాబు (హైదరాబాద్ నుంచి)
ఆమెను కొని తెచ్చింది ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్. వెయ్యి పౌండ్లకు కొన్నారంటారు. ఆయన ఏడో నిజాంకి ఇస్తే, 1930లో మ్యూజియంకి చేరింది. 2016లో సీటీ స్కాన్ తీసి, పగుళ్ళు బాగుచేసి, ఆక్సిజన్ తగలని పెట్టెలో ఉంచారు.

చూపించడం మాటకొస్తే ఈజిప్టులోనే దీని మీద ఒకే మాట లేదు. 1980లో అప్పటి ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ కైరో మ్యూజియంలో రాజుల మమ్మీల గది మూయించారు. 2021 ఏప్రిల్ 3న మాత్రం 22 రాజవంశ మమ్మీలను ఊరేగింపుగా కొత్త మ్యూజియంకి తరలించి, 21 తుపాకుల వందనం చేశారు. నా మటుకు నాకు ఆ గదిలో సెల్ఫీలు చూస్తే బాధేస్తుంది. చెప్పులు విప్పమనను, కాసేపు గొంతు తగ్గిస్తే చాలు.

ప్రశ్న అడిగినావిడ
ఇద్దరికీ ధన్యవాదాలు. మచిలీపట్నం అన్నయ్యగారూ, మీరు చెప్పినట్టే పాపకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి తీసేశారని వాళ్ళమ్మకి తెలుసా?" అంది. తెలియదమ్మా అన్నాను. దుప్పటి గడ్డం దాకా లాక్కుని నా చెయ్యి పట్టుకుని పడుకుంది.