పన్నెండేళ్ళ బెంగాల్ పిల్లికి ఇల్లు కావాలి: కిడ్నీ జబ్బు ఉంది, ట్రేలో మూత్రం పోయడం లేదు (విజయవాడ)

శారద, సత్యనారాయణపురం

నమస్కారం అండి. మాది విజయవాడ సత్యనారాయణపురం, బీఆర్టీఎస్ రోడ్డు వెనక సందు. మా దగ్గర చుక్కి అని పన్నెండేళ్ళ ఆడ బెంగాల్ పిల్లి ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. అబద్ధం చెప్పి ఎవరికైనా అంటగడితే నెల తిరక్కుండా దాన్ని రోడ్డు మీద వదిలేస్తారని నా భయం.

మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు కూనగా ఉన్నప్పుడు కొన్నాడు. కెనడా వెళ్తూ "ఆరు నెలలే అమ్మా" అని నా ఒళ్ళో పెట్టాడు. ఏడేళ్ళయింది. అప్పటిదాకా నేను పిల్లిని ముట్టుకుని ఎరగను. మావారు పోయినప్పుడు అది పది రోజులు ఆయన కుర్చీ కిందే కూర్చుంది. ఇప్పుడు నా కాళ్ళ దగ్గర అది పడుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

సంక్రాంతి దాటాక గిన్నెలు గిన్నెలు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. 4.6 కిలోలు ఉండేది, 3.4కి వచ్చింది. రక్త పరీక్షలో క్రియాటినిన్ 3.1 ఉంది, కిడ్నీ జబ్బు మూడో దశ అన్నారు డాక్టరుగారు. కిడ్నీ పిల్లులకిచ్చే తిండి ఒకరోజు తింటే ఒకరోజు వాసన చూసి వెళ్ళిపోతుంది. ఉగాది తర్వాత దాని మలమూత్రాలకని పెట్టిన ట్రేలో మూత్రం పోయడం మానేసింది. ట్రే పక్కన, బాత్రూం గుమ్మం దగ్గర పట్టా మీద, రెండుసార్లు నా పరుపు మీద, ఒకసారి దేవుడి గదిలో పీట మీద. దొడ్డికి మాత్రం ట్రేలోకే వెళ్తుంది. ఒక్క దెబ్బ వేయలేదు. రోజుకు రెండుసార్లు ఫినాయిల్ పోసి ఇల్లంతా తుడుస్తున్నాను.

ఆగస్టులో నాకు మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత ఈ ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదులో అమ్మాయి దగ్గరే ఉండాలి. మనవడికి ఉబ్బసం, పిల్లి అసలు పడదు. అడిగి చూశాను. ఒకాయన పిల్లల్ని పెట్టించడానికి కావాలన్నాడు, గర్భసంచి తీయించేశామంటే ఫోన్ పెట్టేశాడు. ఇంకొకరు "పులి జాతి కలిసింది కదా, ఫారెస్టు వాళ్ళతో గొడవ" అన్నారు. కింది వాటా వాళ్ళు గోనెసంచిలో వేసి ప్రకాశం బ్యారేజీ అవతల వదిలేయమన్నారు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

ఈ వయసు పిల్లిని ఎవరైనా తీసుకుంటారా? మందుల ఖర్చు నెలనెలా నేనే పంపుతాను, పెన్షన్ వస్తుంది.

పశువైద్య విద్యార్థి, గన్నవరం

ఆంటీ, ముందు ఫినాయిల్ ఈరోజే ఆపేయండి. పిల్లి కాలేయం అందులో ఉండే ఫినాల్ లాంటి రసాయనాలను సరిగా విరగ్గొట్టలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే అది విషమే. మామూలు సబ్బునీళ్ళతో కడిగి, మూత్రం వాసన పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ వాడండి. వాసన మిగిలితే మళ్ళీ అక్కడికే వెళ్తుంది.

దొడ్డికి ట్రే ఎక్కుతోందంటే ట్రే అంటే భయం లేదన్నమాట. కిడ్నీలు దెబ్బతిన్న పిల్లి పలచగా, చాలాసార్లు పోస్తుంది. ఒక్క ట్రే అయితే పూటలో తడిసిపోతుంది, తడి ట్రేలో కాలు పెట్టదు. కనీసం రెండు పెట్టండి, మూడైతే ఇంకా మంచిది. అంచు తక్కువగా ఉండాలి. ఈ వయసులో మీ మోకాళ్ళ నొప్పే దానికీ ఉండొచ్చు. రోజుకొకసారి ఎక్కగలదు, ఏడెనిమిదిసార్లంటే కష్టం. అలాగని మీ నొప్పి మాత్ర ముక్క మాత్రం ఎప్పుడూ వేయొద్దు, పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. మూత్రం కల్చర్ చేయించారా? ఇన్ఫెక్షన్ కూడా ఉండొచ్చు. మా ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి పాత రిపోర్టులతో తీసుకురండి.

రఫీ, భవానీపురం

ఫారెస్టు సంగతికి భయపడకండి అమ్మా. ఏషియన్ లెపర్డ్ క్యాట్ అనే అడవి పిల్లిని మామూలు పిల్లితో కలిపి తెచ్చిన జాతి ఇది. అమెరికాలో జీన్ మిల్ అనే ఆవిడ 1960లలో మొదలుపెట్టారు. ఇళ్ళలో అమ్మేవి సాధారణంగా నాలుగో తరం, ఆపైవి. వాటిని పెంపుడు పిల్లులుగానే చూస్తారు. 1972 వన్యప్రాణి చట్టం అడవిలోని అసలు పిల్లికి. అయినా కొన్న కాగితాలుంటే దాచి, తీసుకునేవాళ్ళకు ఇవ్వండి. ఆ గోనెసంచి సలహా ఇచ్చినవాళ్ళకు చెప్పండి, పెంచిన జంతువును అలా వదిలేయడం 1960 జంతుహింస చట్టం కింద నేరం.

పద్మజ, లక్ష్మీపురం, గుంటూరు

శారదగారూ, మా పిల్లి రాజుగాడు కిడ్నీ జబ్బుతోనే పద్నాలుగో ఏట పోయాడు. చివరి ఏడాదిన్నర డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కించేదాన్ని. మొదటిరోజు నా చేతులు వణికాయి. వాడు నా ముఖం చూస్తూ కదలకుండా కూర్చున్నాడు. ఆ సూదులు, స్టాండు ఇంకా బీరువా మీదే ఉన్నాయి, తీయబుద్ధి కాలేదు.

ఇల్లు ఖాళీగా ఉంది, వేరే జంతువులు లేవు. బాల్కనీకి వల కట్టించే ఉంది. వచ్చి చుక్కిని చూడొచ్చా? మాట ఇప్పుడే ఇవ్వను, చూశాక చెప్తాను. డబ్బు పంపక్కర్లేదు. ఆపరేషన్ దాకా మాత్రం ఆగకండి. చోటు మారిన పిల్లి బెంగపెట్టుకుని రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయం పాడవుతుంది. అప్పుడు మీరు ఫోన్లో దొరకాలి, దానికి ఏది ఇష్టమో అడగాలి.

శారద, సత్యనారాయణపురం

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అందరికీ చేతులెత్తి దండం.

ఫినాయిల్ సీసా ఆరోజే బయటపడేశాను. ఇన్నాళ్ళూ శుభ్రం అనుకుని నేనే విషం పోశానని తెలిసి చాలా ఏడ్చాను. వన్‌టౌన్‌లో మూడు ప్లాస్టిక్ టబ్బులు కొని, ఒకవైపు మూడు వేళ్ళ ఎత్తుకు కోయించాను. అంచు గీసుకోకుండా గుడ్డ పట్టీ అతికించాను. జల్లించిన కృష్ణా ఇసుక పోసి మూడు చోట్ల పెట్టాను. కల్చర్‌లో ఇన్ఫెక్షన్ ఉందని తేలింది, మందు నడుస్తోంది. ఈ పన్నెండు రోజుల్లో బయట పోసింది నాలుగుసార్లే, చివరి ఐదు రోజుల్లో ఒక్కసారి.

పద్మజగారు ఆదివారం వచ్చారు. చుక్కి గంటసేపు బీరువా వెనక నుంచి రాలేదు. ఆవిడ పిలవలేదు, నేల మీద కూర్చుని నాతో కబుర్లు చెప్పారంతే. చివరికి అదే వచ్చి ఆవిడ సంచిలో తల పెట్టింది. జూన్ చివర్లో, ఎండ తగ్గాక, తెల్లవారుజామున కారులో తీసుకెళ్తారు. నా పాత దుప్పటి ఉతక్కుండా ఇస్తున్నాను, ఒక టబ్బు దాని ఇసుకతో సహా.

పద్మజగారూ, మొన్న చెప్పడం మరిచిపోయాను. పొద్దున్నే ఆరింటికి వంటింటి కిటికీ తెర కాస్త పక్కకు జరపండి. పావురాలు వచ్చేదాకా కూర్చుంటుంది, అప్పుడే గిన్నె పక్కన పెడితే తింటుంది.