జుట్టు మాత్రతో కొలెస్ట్రాల్ తగ్గుతోంది, ఇక స్టాటిన్ ఎందుకు?

నడకదారి:
జుట్టు రాలుతోందని ఏడాదిగా ఫినాస్టెరైడ్ 1 ఎంజీ వేసుకుంటున్నా. వయసు 41. మొన్న పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 158 నుంచి 129కి దిగింది. తిండేమీ మారలేదు. 2024లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లూ ఇదే చెప్పారు, ఈ మందు వాడే మగవాళ్లకు కొలెస్ట్రాల్ సగటున 30 పాయింట్లు తక్కువని. మరి కొలెస్ట్రాల్ తగ్గడానికి డాక్టరు రాసిచ్చిన స్టాటిన్ మాత్ర మొదలుపెట్టడం దేనికి?

కొర్లగుంట:
కొండకెళ్లి గుండు చేయించుకో సామీ, మాత్రల ఖర్చూ మిగులుతుంది. సరే, అసలు సంగతి. ఆ లెక్క ఒక ఆరోగ్య సర్వేలోది. దాదాపు 4,800 మందిలో ఈ మందు వాడినవాళ్లు 155 మంది, అందరూ యాభై దాటినవాళ్లు. ఆ వయసులో దీన్ని ఎక్కువగా ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాపుకి రాస్తారు, అదీ 5 ఎంజీ. నీది 1. ఎలుకల మీదా చేశారు, కానీ తగ్గింది కిలో మేతకు 1000 మిల్లీగ్రాముల మందు కలిపి పెట్టినవాటికి!

నడకదారి:
అయితే నా రిపోర్టు అబద్ధమా?

చిత్తూరు ల్యాబ్:
అబద్ధం కాదన్నా. నేను రోజూ రక్తం తీసేవాణ్ని. ఒకే మనిషికి రెండు వారాల తేడాతో తీసినా అంకె అటూ ఇటూ అవుతుంది. రెండూ ఒకే ల్యాబా? బరువు తగ్గావా? ఇంకోటి, ఈ మాత్ర పీఎస్ఏని, అంటే ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్షలో వచ్చే అంకెని, దాదాపు సగానికి దించేస్తుంది. ప్రోస్టేట్ పరీక్షకి వెళ్తే వాడుతున్నట్టు ముందే చెప్పు, లేకపోతే తేడా ఉన్నా నార్మల్ అనుకుంటారు.

బైరాగిపట్టెడ:
మా బావ 5 ఎంజీ అయితే చవకని, ఒక్కో మాత్రని బ్లేడుతో నాలుగు ముక్కలు చేసేవాడు. భోజనాల బల్ల మీద పొడి. మా చెల్లెలికి అప్పుడు ఐదో నెల! గర్భిణులు విరిగిన ముక్కని ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే ప్రమాదం. ఆ రోజు ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డామో మాకే తెలుసు.

కొర్లగుంట:
నడకదారీ, నువ్వు శనివారాలు అలిపిరి నుంచి ఎక్కుతావు గదా? 3,550 మెట్లు. ఎప్పట్నుంచి?

నడకదారి:
సంక్రాంతి నుంచి. ఆరు కిలోలు తగ్గా, అయితే? రెండో పరీక్ష వేరే ల్యాబే, ఆఫర్ ఉందని వెళ్లా. సరే, సోమవారం పాత ల్యాబ్‌లోనే పరగడుపున మళ్లీ ఇస్తా. జుట్టు మాత్ర మాత్రం మానను, మానితే వచ్చిందంతా ఏడాదిలో పోతుందట. స్టాటిన్ చీటీ ఎక్కడ పెట్టిందో మా ఆవిణ్ని అడగాలి.