కానూరు జనాభాలో హాస్టల్ పిల్లలను కలపవచ్చునా?

కానూరు వాస్తవ్యుడు: 2011 జనాభా లెక్కల ప్రకారం విజయవాడ పక్కనున్న మన కానూరు జనాభా సుమారు 49 వేలు. మళ్ళీ 2027 ఫిబ్రవరిలో లెక్కించబోతున్నారు. ఆ నెలలో రెసిడెన్షియల్ కాలేజీల హాస్టళ్ళన్నీ ఇంటర్ పిల్లలతో కిక్కిరిసి ఉంటాయి. పరీక్షలు ముగియగానే పెట్టెలు సర్దుకుని ఎవరి ఊరికి వారు వెళ్ళిపోతారు. వారినీ కలిపి చూపితే అది ఊరి లెక్క ఎలా అవుతుంది?

లెక్కల మాస్టారు: తప్పక అవుతుంది. జనగణనలో హాస్టల్‌ను సంస్థాగత కుటుంబంగా, అంటే బంధుత్వం లేనివారు ఒకే సంస్థలో కలిసి ఉండే చోటుగా, తీసుకుని అక్కడున్నవారిని అక్కడే నమోదు చేస్తారు. ఈ పద్ధతి దేశమంతటికీ ఒకటే. ఈ యేడు వెళ్ళినవారి మంచాల్లో వేసవి గడిచేసరికి మరొకరు చేరతారు, నీళ్ళ వాడకం మాత్రం తగ్గదు. కాకపోతే 15–19 వయసువారి సంఖ్య, దానితోపాటు అక్షరాస్యత శాతం, ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. ఆ శాతాన్ని చూసి మురిసిపోనవసరం లేదు.

తాడిగడప వాసి: కానూరు, పోరంకి, యనమలకుదురు, తాడిగడప కలిసి ఒకే మున్సిపాలిటీ అయ్యాక కానూరు లెక్క విడిగా ఎక్కడ వస్తుంది? వార్డులవారీగా వస్తుంది.

కానూరు వాస్తవ్యుడు: వార్డుల సంగతి నేను అడగలేదు. హాస్టల్ పడకల సంగతి అడిగాను.

సనత్‌నగర్ అద్దెయింటివాడు: అసలు లెక్కకు రానిది మేము. ఆటోనగర్ షెడ్లలో పనిచేసే మా అయిదుగురం కానూరు సనత్‌నగర్‌లోనే రెండు గదుల వాటాలో ఉంటున్నాము. ఒకసారి ఇంటింటి సర్వేకు మనుషులు వచ్చినప్పుడు, ఎక్కువమందిని చెబితే ఇంటి పన్ను పెంచుతారని ఓనరుగారు మెట్ల మీదే నిలబడి ‘ముగ్గురు’ అని చెప్పి పంపించివేశారు. నీళ్ళ ట్యాంకర్‌కు మాత్రం అయిదుగురి వాటా వసూలు చేశారు.

లెక్కల మాస్టారు: ఆ భయం అర్థంలేనిది. 2021 నుంచి మన పట్టణాలలో ఇంటి పన్నును ఆస్తి మూలధన విలువపై, అంటే ఆ ఆస్తి ధరపై, వేస్తున్నారు. ఇంట్లో ఎందరున్నారన్నదానితో దానికి సంబంధం లేదు. పైగా 1948 నాటి జనగణన చట్టం ప్రకారం గణకుడికి చెప్పిన వివరాలు గోప్యం.

కానూరు వాస్తవ్యుడు: చట్టాలు వల్లించడం తేలిక. మా వీధిలో హాస్టల్ వెలిసిన తరువాత మా బోరులో నీరు అడుగంటింది, సైడు కాలువ పొంగి వాకిట్లోకి వచ్చింది. మా నాన్నగారి కాలం నుంచి పన్ను కడుతున్నది మేము. నాలుగు నెలలు ఉండి పోయేవారు, ఏటా ఇల్లు మారేవారు, మేము అందరం ఒకే వరుసలో లెక్కకు వస్తామంటే నేను ఒప్పుకోను.

సనత్‌నగర్ అద్దెయింటివాడు: ఇప్పుడు బయటపడింది అసలు మాట. మీ బాధ పడకల గురించి కాదు, మా గురించి. మీరు ఇక్కడ రోజూ ఉంటున్నారా? హైదరాబాదులో స్థిరపడ్డానని, పండుగలకు వస్తుంటానని మొన్నటి రోడ్ల చర్చలో మీరే వ్రాశారు.

కానూరు వాస్తవ్యుడు: ఇల్లు నాది. ఓటూ ఇక్కడే ఉంది.

లెక్కల మాస్టారు: ఆ రెండో మాట ఇక్కడ వ్రాయకపోతే మీకే మంచిది. ఇల్లు ఉన్నంతమాత్రాన ఎవరూ ఆ నియోజకవర్గంలో సాధారణ నివాసి కారని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. ఇక జనగణన అడిగేది యజమాని ఎవరని కాదు, ఉంటున్నదెవరని. ఆ లెక్కలో హైదరాబాదు మిమ్మల్ని కలుపుకుంటుంది, కానూరు ఆ అయిదుగురినీ కలుపుకుంటుంది.

తాడిగడప వాసి: పన్ను కట్టేవారి జాబితా వేరు, జనాభా వేరు. రెండింటినీ కలగాపులగం చేస్తున్నారు.

కానూరు వాస్తవ్యుడు: కనీసం హాస్టల్ పిల్లల సంఖ్యను వేరే గడిలో చూపాలి.

లెక్కల మాస్టారు: సంస్థాగత కుటుంబాల జనాభాకు 2011లోనే ప్రత్యేక పట్టికలు వచ్చాయి. అద్దెకున్నవారిని ఏ గడిలో వేయమంటారో చెప్పండి.

కానూరు వాస్తవ్యుడు: ముందు పడకల సంగతి తేల్చండి.