ఆంధ్రపత్రిక పాత సంచికలు దొరుకుతున్నాయి. 2003 నాటి జిల్లా వార్త ఎందుకు దొరకదు?

ప్రశ్న (పరిశోధక విద్యార్థి):
నమస్కారం. మా మండలంలోని చెరువుల చరిత్ర రాస్తున్నాను. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో ఉంచిన ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక పాత సంచికలలో కొంత సమాచారం లభించింది. అయితే 2003లో మా ఊరి చెరువు కట్ట తెగినప్పుడు ఒక దినపత్రిక జిల్లా టాబ్లాయిడ్‌లో వరుసగా వచ్చిన కథనాలు ఎంత వెతికినా కనబడటం లేదు. అప్పటికే పత్రికలు కంప్యూటర్ల మీద తయారవుతున్నాయి కదా. సీసపు అక్షరాలతో కూర్చినవి నిలిచి, కంప్యూటర్‌లో కూర్చినవి మాయమవడానికి కారణమేమిటి?

సమాధానం (విశ్రాంత ఉపసంపాదకుడు):
జిల్లా డెస్కులో పదిహేనేళ్ళు పనిచేశాను కనుక నాకు తెలిసినది చెబుతాను. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఉమ్మడి సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, పేజీలను మాత్రం మేము చాలాకాలం ‘అను’ వంటి డీటీపీ (కంప్యూటర్ మీద పేజీలు కూర్చే) ఫాంట్లతోనే పెట్టాము. వాటిలో తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు మరొక ముక్క; కంప్యూటర్ దాచేది ఆ ముక్కల సంకేతాలనే కాబట్టి, ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. అటువంటి ఫైలులో ‘చెరువు’ అని వెతికితే ఏమి దొరుకుతుంది? పైగా పేజీ ప్రెస్సుకు వెళ్ళాక ఆ ఫైళ్ళను సీడీలలో భద్రపరిచేవారు. కార్యాలయం మారినప్పుడు ఆ సీడీల పెట్టెలు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు. ఆ పేజీలు దిద్దినవారిలో నేనూ ఒకణ్ణి కనుక ఈ సంగతి రాయడం నాకు బాధగానే ఉంది.

సమాధానం (గ్రంథపాలకురాలు):
మా గ్రంథాలయంలో ప్రధాన సంచికలను నెలవారీగా బైండు చేయించేవాళ్ళం. టాబ్లాయిడ్లు చిన్న సైజు కావడంతో అందులో ఇమడక, పాత కాగితాలతో పాటు తూకానికి వెళ్ళిపోయేవి. ఇప్పటి పరిస్థితి ఇంకా ఆందోళనకరంగా ఉంది. ఊరి వార్తలు వాట్సాప్‌లో ఫొటోలుగా తిరుగుతున్నాయి. వాటిలో చాలావాటికి పత్రిక పేరు, తేదీ కత్తిరించి ఉంటాయి. ఇరవై ఏళ్ళ తరువాత పరిశోధించేవారు వాటిని ఏ ఆధారంతో ఉదహరిస్తారు?

సమాధానం (విశ్రాంత ఉపసంపాదకుడు):
ఒక దారి ఉంది. ఆ రోజులలో మండల కంట్రిబ్యూటర్లకు అచ్చయిన వార్తల నిడివిని బట్టి, అంటే లైన్ అకౌంట్ ప్రకారం డబ్బు ముట్టేది. అందుకని చాలామంది తమ వార్తలను కత్తిరించి, తేదీ వేసి, పుస్తకాలలో అతికించి దాచుకునేవారు. మీ మండలానికి రాసిన విలేకరిని కలవండి. కత్తిరింపులు దొరికితే వాటి ఫొటోల నుంచి అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు తెలుగుకూ ఉంది. ఒత్తుల దగ్గర పొరబడుతుంది కనుక సరిచూసుకోవాలి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. ఆ విలేకరిగారు ఇప్పుడు లేరు, కుటుంబం పక్క ఊళ్ళోనే ఉంది. ఆయన పుస్తకాలు అటక మీద ఉన్నాయని వారి అబ్బాయి ఫోనులో చెప్పారు. ఆదివారం వెళ్తున్నాను. దొరికినవాటిని పత్రిక పేరు, తేదీతో సహా స్కాన్ చేసి ఇక్కడే ఉంచుతాను.