కాల్ నార్త్‌సైడ్ 777 (1948): ఆ ఫొటో సీన్ నిజంగా జరిగిందా?

నలుపు_తెలుపు:
నిన్న రాత్రి చూశాను, ఇంకా అందులోంచి బయటికి రాలేకపోతున్నాను. షికాగోలో పోలీసును చంపాడని 99 ఏళ్ల శిక్ష పడ్డ కొడుకు కోసం తల్లి నేలలు తుడిచి 5,000 డాలర్లు కూడబెట్టి పేపర్లో ప్రకటన ఇస్తుంది. జేమ్స్ స్టీవర్ట్ విలేకరి. చివర్లో, సాక్షి అతన్ని గుర్తుపట్టకముందే చూసిందని తేల్చడానికి ఫొటోని పెద్దది చేసి, పేపర్లమ్మే కుర్రాడి చేతిలోని పేపర్ మీద తేదీ చదువుతారే, అది నిజంగా జరిగిందా? మంచి ప్రింట్ ఎక్కడ దొరుకుతుంది? ఇలాంటివి ఇంకేమున్నాయి?

కోర్టుబీట్:
జరగలేదు. అసలు కేసు జోసెఫ్ మాయ్‌చెక్‌ది. హత్య 1932 డిసెంబరులో, తల్లి ప్రకటన 1944లో. షికాగో టైమ్స్ విలేకరులు బయటపెట్టింది అరెస్టు రికార్డుని. డిసెంబరు 22న పట్టుకుని 23న అరెస్టు చూపించారు. ఆ 22నే సాక్షికి చూపిస్తే ఆమె ఇతను కాదంది, మర్నాడు ఇతనే అంది. కేసంతా ఆ ఒక్క రోజులో ఉంది.

డార్క్‌రూమ్ బాబాయ్:
జరగకపోయినా జరగడానికి వీలున్నదే. ముప్పై ఏళ్లు స్టూడియో నడిపాను కాబట్టి చెబుతున్నా. అప్పటి ప్రెస్ కెమెరా నెగటివ్ నాలుగు బై అయిదు అంగుళాలు. ఎన్‌లార్జర్ (నెగటివ్‌ని పెద్ద ప్రింటు చేసే యంత్రం) తల పూర్తిగా పైకెత్తి, ఆ మూల ఒక్కటే ప్రింట్ వేస్తే అక్షరం వస్తుంది.

పిక్సెల్_కిరణ్:
రాదండీ. గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీది రేణువులు తప్ప ఏమీ మిగలదు. పైగా సినిమాలో దాన్ని వైరు ఫొటోగా, అంటే తీగల మీద, రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి పంపారు. గీతలు గీతలుగా వెళ్లే బొమ్మలో తేదీ ఎలా నిలుస్తుంది?

డార్క్‌రూమ్ బాబాయ్:
పెద్దది చేశాకే కదయ్యా పంపింది! అప్పటికి అక్షరాలు వేలెడంత ఉన్నాయి. డెవలపర్ ట్రేలో కాగితం ఊపుతుంటే ముందు నలుపు తేలుతుంది, తర్వాతే అంచులు. చేత్తో చేసినవాళ్లకి తెలుస్తుంది. ఫోన్లో వేళ్లతో జూమ్ చేసేవాళ్లు మాకు గ్రెయిన్ గురించి చెప్పక్కర్లేదు.

పిక్సెల్_కిరణ్:
వయసు చూపించి వాదన గెలవలేరు. లెక్క చెప్పండి.

లలిత_విశాఖ:
మీ ట్రేలు పక్కన పెట్టండి. ఆ తల్లి గురించి ఒక్కరూ మాట్లాడరేం? మొదటిసారి విలేకరి వచ్చినప్పుడు ఆమె మోకాళ్ల మీద నేల తోముతూనే జవాబులు చెబుతుంది. అతనికి ఆమె మీద నమ్మకం లేదు, కథ అమ్ముడుపోతుందని రాస్తాడు. నాకు మంటెత్తింది అక్కడే.

కోర్టుబీట్:
లలితగారూ, ఆ మాటకొస్తే నేను జిల్లా కంట్రిబ్యూటర్‌గా చేసిన పేపర్లో అరెస్టయితే ముసుగేసిన ఫొటోతో టాబ్లాయిడ్ మొదటి పేజీ. అదే మనిషిని కోర్టు నిర్దోషి అని వదిలేస్తే లోపలి పేజీలో సింగిల్ కాలమ్, అదీ యాడ్ రాకపోతేనే. ఫాలోఅప్ పంపితే డెస్క్ చెత్తబుట్టలో వేసేది. నేను మానేసింది అందుకే.

రీలు_రాజు:
లై డిటెక్టర్ సీన్లో మెషిన్ నడిపేది ఆ యంత్రాన్ని అభివృద్ధి చేసినవాళ్లలో ఒకడైన లియొనార్డ్ కీలర్ స్వయంగా! దర్శకుడు హెన్రీ హాథవే జైలు సీన్లు కూడా స్టేట్‌విల్ జైల్లోనే తీశాడు.

కోర్టుబీట్:
ఆ మెషిన్‌ని అంత గొప్పగా చూపించడమే నాకు నచ్చలేదు. మన సుప్రీంకోర్టు 2010లో సెల్వీ కేసులో స్పష్టంగా చెప్పింది, మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయడానికి లేదని. విజయవాడ హాస్టల్ హత్య కేసు మర్చిపోయారా? 2007లో హత్య. శిక్ష పడ్డ కుర్రాణ్ని 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలింది. లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. లక్ష!

పిక్సెల్_కిరణ్:
ఆ కేసు ఇక్కడికి తేవద్దు, థ్రెడ్ పాడవుతుంది.

కోర్టుబీట్:
ఎందుకు తేకూడదు? సినిమా మాట్లాడేదే దాని గురించి. గ్రెయిన్ గురించి ఇరవై పోస్టులు వేయొచ్చుగానీ జైల్లో పోయిన ఏళ్ల గురించి ఒక్కటి వేయకూడదా?

లలిత_విశాఖ:
అమెరికాలో ఎంతిచ్చారు?

కోర్టుబీట్:
మాయ్‌చెక్‌కి 1945లో క్షమాభిక్ష వచ్చింది, తర్వాత 24,000 డాలర్లు. అతనితోపాటు శిక్షపడ్డ థియొడోర్ మార్చిన్‌కీవిచ్ సంగతి ఎవరికీ పట్టలేదు. సినిమా విడుదలైన నాటికి అతను ఇంకా లోపలే. 1950లో హేబియస్ కార్పస్ (అక్రమ నిర్బంధం మీద కోర్టులో వేసే పిటిషన్) మీద బయటికొచ్చాడు, 35,000 డాలర్లు చేతికందింది 1965లో. అదే కేసు, అదే సాక్షి, కానీ పేపర్ వెంటపడింది ఒక్కడి కోసమే.