విదేశాంగ కార్యదర్శా, విదేశాంగ మంత్రా? డేవిడ్ లామీ పదవుల మీద ఒక చర్చ

సభ్యులందరికీ నమస్కారం. 2025 జూన్‌లో బ్రిటన్ నుంచి డేవిడ్ లామీ ఢిల్లీ వచ్చి జైశంకర్‌ను కలిశారు. ఆ వార్త నేను చూసినచోట ‘బ్రిటన్ విదేశాంగ కార్యదర్శి’ అని ఉంది. అది చదివి మా బాబాయ్ ఫోన్ చేశాడు. “ఇదేంట్రా, మన మంత్రితో మాట్లాడటానికి వాళ్లు ఆఫీసర్ని పంపారా? మనమంటే అంత చులకనా?”

బాబాయ్ తప్పేం లేదు. మనకు విదేశాంగ కార్యదర్శి అంటే ఐఎఫ్‌ఎస్ అధికారి. అప్పటికి ఆ కుర్చీలో ఉన్నది విక్రమ్ మిస్రీ. లామీ మాత్రం ఓట్లడిగి గెలిచిన నాయకుడు, కేబినెట్ మంత్రి, హోదాలో జైశంకర్‌కు సమానుడు. మన కార్యదర్శిలాంటి అధికారి బ్రిటన్‌లోనూ ఉంటారు, ఆయన్ని పర్మనెంట్ అండర్ సెక్రటరీ అంటారు. పేరులో ‘అండర్’ ఉన్నాయన పెద్ద అధికారి, ఉత్త ‘సెక్రటరీ’ ఆయన పైనుండే మంత్రి. మాటకు మాట పెట్టేస్తే ఎవరికైనా తికమకే.

లామీ ఎక్కిన మెట్లు చూడండి. లండన్‌లోని టాటెన్‌హామ్ ఆయన నియోజకవర్గం. అమ్మానాన్నలు గయానా నుంచి వచ్చినవాళ్లు. 2000 జూన్‌లో ఉపఎన్నికలో గెలిచేనాటికి ఆయనకు 27 ఏళ్లు. 2002లో ఆరోగ్య శాఖలో పార్లమెంటరీ అండర్ సెక్రటరీ అయ్యారు. మంత్రుల వరసలో అది అట్టడుగు మెట్టు. దీన్ని ‘ఉప కార్యదర్శి’ అంటే మన సచివాలయంలో ఫైళ్లు చూసే డిప్యూటీ సెక్రటరీ గుర్తొస్తాడు. 2008లో ఉన్నత విద్యకు మినిస్టర్ ఆఫ్ స్టేట్ అయ్యారు. ఇది మధ్య మెట్టు, దీనికి మన ‘సహాయ మంత్రి’ చక్కగా అతుకుతుంది. కింది మెట్టుకు నేనైతే ‘ఉపమంత్రి’ అంటాను. నెహ్రూ కాలం నుంచి మనకు అలవాటైన మాటే.

2010లో లేబర్ పార్టీ ఓడింది. లామీ దాదాపు పదేళ్లు వెనక బెంచీల్లో ఉన్నారు. ఇక్కడా జాగ్రత్త కావాలి. మన వెనక బెంచీ అంటే చదువు అబ్బని పిల్లలది. అక్కడ పదవి లేని సభ్యులందరూ వెనక బెంచీవాళ్లే. నల్లజాతివారికి, ఇతర మైనారిటీలకు న్యాయవ్యవస్థలో ఎదురవుతున్న తేడాల మీద 2017లో ఆయన ఇచ్చిన నివేదిక ఆ వెనక బెంచీ రోజుల్లోదే. 2024 జులైలో విదేశాంగ మంత్రి, 2025 సెప్టెంబరు 5న ఉపప్రధాని, దాంతోపాటు న్యాయశాఖ. ఏ న్యాయవ్యవస్థను తప్పుపడుతూ రాశారో దాన్నే సరిచేసే బాధ్యత ఎనిమిదేళ్లకు ఆయన చేతికొచ్చింది. ఇలాంటి మనిషిని ‘న్యాయ కార్యదర్శి’ అని రాస్తే ఆ ప్రయాణమంతా పాఠకుడికి కనపడకుండా పోతుంది.

నా మాట ఒక్కటే: బ్రిటన్‌లో ‘సెక్రటరీ ఆఫ్ స్టేట్’ (ఫారిన్ సెక్రటరీలా ఒక శాఖను నడిపే కేబినెట్ మంత్రి) అన్నచోటల్లా మనం మంత్రి అనే రాయాలి.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: మీరు చెప్పింది వినడానికి బాగుంది కానీ మూలంలో సెక్రటరీ, మినిస్టర్ రెండూ ఉన్నాయి కదండీ. రెంటినీ మంత్రి అంటే తేడా పోదా? గ్రూప్స్ పుస్తకాల్లో మేం ‘సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఫర్ ఇండియా’ను ‘భారత రాజ్య కార్యదర్శి’ అనే చదువుకున్నాం.

నా జవాబు: అమ్మా, ఆ పుస్తకం మళ్లీ తెరవండి. 1858 చట్టం దగ్గర ‘భారత రాజ్య కార్యదర్శి’ అని రాసి, వెంటనే ‘ఇతడు బ్రిటిష్ కేబినెట్ మంత్రి’ అని విప్పి చెప్పాల్సి వచ్చింది. వెంటనే వివరణ కావాల్సి వచ్చిందంటే ఆ అనువాదం కుదరలేదనే కదా. 1917లో మద్రాసు వచ్చిన మాంటేగు ఆ పదవిలో ఉన్నవాడే. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలని మనవాళ్లు విజ్ఞప్తి ఇచ్చింది గుమాస్తాకు కాదు, మంత్రికి.

మాట పుట్టుక చూసినా మంత్రే దగ్గర. సెక్రటరీలో ఉన్నది రహస్యం అనే లాటిన్ మాట. రాజు గుట్టు తెలిసి, ఆయన ఉత్తరాలు రాసేవాడు సెక్రటరీ. మన మంత్రి, మంత్రాంగం, మంతనం అన్నీ ఒకే కుదురువి. మంతనాలాడటమంటే పక్కవాడికి వినపడకుండా ఆలోచన చేయడమే కదా! ‘మినిస్టర్’కు లాటిన్‌లో అర్థం సేవకుడు. అందుకేనేమో అక్కడ మినిస్టర్ ఆఫ్ స్టేట్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ కింద ఉంటాడు.

రాసేవాడు ఏలేవాడు కావడం మనకూ కొత్త కాదు. విజయనగరంలో రాజాజ్ఞలు రాసే ఉద్యోగం రాయసం. రాయసం కొండమరుసు అలా కలం పట్టి మొదలై కృష్ణదేవరాయల సేనాని అయ్యాడు, ఉదయగిరి సీమను ఏలాడు. ఆ కాలానికి దగ్గర్లోనే, 1534లో, ఇంగ్లండ్‌లో థామస్ క్రామ్‌వెల్ ఎనిమిదో హెన్రీకి ప్రధాన సెక్రటరీ అయి రాజ్యం నడిపాడు. మన దగ్గర రాయసం ఇంటిపేరుగా మిగిలింది. వాళ్ల దగ్గర అదే పదవి మంత్రిగా ఎదిగింది.

మరో సభ్యుడు: రిషి సునాక్ 2019లో ట్రెజరీకి చీఫ్ సెక్రటరీ. దాన్నేమంటారు సార్?

నా జవాబు: మంచి ప్రశ్న. ‘ప్రధాన కార్యదర్శి’ అన్నామా, సచివాలయంలో సీఎస్ కళ్లముందుకొస్తారు. అది ఆర్థిక శాఖలో రెండో మంత్రి పదవి, అలాగే రాద్దాం. ఆయన 2020లో ఛాన్సలర్ అయినప్పుడు మనవాళ్లు ‘ఆర్థిక మంత్రి’ అనే రాశారు. ఛాన్సలర్ అంటే మనకు విశ్వవిద్యాలయ కులపతి అయినా, అక్కడ ఎవరూ తడబడలేదు. ఆ తెగువ సెక్రటరీ దగ్గరా చూపిద్దాం.

ఇక ‘షాడో’. 2021 నవంబరు నుంచి లామీ ప్రతిపక్షంలో షాడో ఫారిన్ సెక్రటరీ. ‘నీడ మంత్రి’ అంటే ఉత్తుత్తి మంత్రి అనిపిస్తోందని ఇందాక ఒకరన్నారు. నాకు అలా లేదు. నీడలా వెన్నంటి ఉండటం అంటాం కదా, ప్రభుత్వంలోని మంత్రిని అడుగడుగునా వెన్నంటి ప్రశ్నించడమే అక్కడా పని. ‘ఛాయామంత్రి’ కూడా బాగానే ఉంది కానీ నా ఓటు నీడ మంత్రికే. మీరేమంటారు?