శుక్లం ఆపరేషన్ తొందరగా చేయిస్తే డిమెన్షియా ముప్పు తగ్గుతుందట, నమ్మొచ్చా?

తేల్చుకోలేక
అమ్మకి 71. రెండు కళ్లలోనూ శుక్లం ఉంది, కుడి కంట్లో కాస్త ఎక్కువ. టీవీ చూస్తుంది, తన పనులు తనే చేసుకుంటుంది. కానీ రాత్రిపూట ఎదురుగా బండి లైటు పడితే కళ్లు జిగేల్మని కాసేపు ఏమీ కనపడదంటుంది, మందు అట్ట మీద అక్షరాలు నన్ను చదివిపెట్టమంటుంది. డాక్టరు గారేమో ఇప్పుడే చేయించండి, మెదడుకి కూడా మంచిది, మతిమరుపు జబ్బు వచ్చే ముప్పు తగ్గుతుందని అన్నారు. అన్నయ్య మాత్రం శుక్లం ముదిరాకే చేయించాలి, మెదడు అనేది ఆపరేషన్లు పెంచుకోవడానికి చెప్పే కబురు అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. తెలిసినవాళ్లు చెప్పండి.

చదువరి
డాక్టరు గారు గాల్లోంచి చెప్పింది కాదండీ. అమెరికాలోని సియాటెల్‌లో 65 దాటినవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తున్న ఒక పెద్ద అధ్యయనం ఉంది. అందులో శుక్లమో నీటికాసులో (గ్లాకోమా) ఉన్న 3,038 మంది వివరాలు తీసి చూస్తే, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లకి డిమెన్షియా వచ్చే ముప్పు సుమారు 29 శాతం తక్కువగా కనిపించింది. 2021 డిసెంబరులో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ కూడా డిమెన్షియాకి సంబంధించి మనం సరిదిద్దుకోగల 14 కారణాల్లో చికిత్స చేయని చూపు లోపాన్ని కొత్తగా చేర్చింది. ఇంకేం కావాలి?

లెక్కల గోల
ఇంకా చాలా కావాలి. ఆ అధ్యయనంలో ఎవరికి ఆపరేషన్ చేయాలో పరిశోధకులు నిర్ణయించలేదు, ఎవరి దారిన వాళ్లు చేయించుకున్నారు. మరి 75 ఏళ్ల వయసులో ఆపరేషన్‌కి వెళ్లేది ఎవరు? నడవగలిగేవాళ్లు, పట్టించుకునే పిల్లలున్నవాళ్లు, గుండె ఊపిరితిత్తులు సరిగా ఉన్నవాళ్లు. అప్పటికే కాస్త మతి తప్పుతున్నవాళ్లని ఇంట్లోవాళ్లే "ఈ వయసులో ఎందుకులే" అని ఆపేస్తారు. అంటే ఆపరేషన్ చేయించుకోనందువల్ల మతి తప్పలేదు, మతి తప్పబట్టే ఆపరేషన్ జరగలేదు. కొంత భాగమైనా ఇదే అయ్యుంటుంది.

నమ్మకపోతే 2017లో వచ్చిన ఇంకో పేపరు చూడండి. 65 దాటిన, శుక్లం ఉన్న 74,044 మంది అమెరికా ఆడవాళ్ల లెక్క. ఆపరేషన్ అయినవాళ్లలో మరణం ముప్పు 60 శాతం తక్కువట! గుండె జబ్బు చావులు తక్కువ, ఇన్ఫెక్షన్ చావులు తక్కువ, క్యాన్సర్ చావులు కూడా తక్కువ. కంట్లో మసకబారిన లెన్స్ మారిస్తే క్యాన్సర్ చావు ఎలా తగ్గుతుంది స్వామీ? ఆ తేడాలో చాలా భాగం లెన్స్‌ది కాదు, ముందునుంచే గట్టిగా ఉన్న మనిషిది. మతిమరుపు లెక్కలోనూ అదే దూరి ఉండదని గ్యారంటీ ఏంటి?

చదువరి
మీరు చెప్పిన అనుమానం వాళ్లకీ వచ్చిందండీ. అందుకే నీటికాసుల ఆపరేషన్ అయినవాళ్లని కూడా చూశారు. వాళ్లూ ఆపరేషన్‌కి వెళ్లగలిగినవాళ్లే కదా, కానీ వాళ్లలో డిమెన్షియా ఏమీ తగ్గలేదు. ఎందుకంటే నీటికాసుల ఆపరేషన్ కంటి ఒత్తిడి తగ్గిస్తుందే తప్ప పోయిన చూపుని తేదు. చూపు తిరిగొచ్చిన చోటే తేడా కనిపించింది. పసుపెక్కిన పాత లెన్స్ నీలికాంతిని ఆపేస్తుంది, నిద్రనీ మెలకువనీ నడిపే, కంటి వెనక ఉండే రెటీనా కణాలకి ఆ కాంతే కావాలి, అందుకని ఆపరేషన్ మెదడుకి మేలు చేస్తుందని ఒక ఊహ కూడా ఉంది.

లెక్కల గోల
నీటికాసుల పోలిక బావుంది, ఒప్పుకుంటా. కానీ నీటికాసుల ఆపరేషన్ దాకా వెళ్లే రోగి వేరు, శుక్లం రోగి వేరు, ఇద్దరినీ పక్కపక్కన పెట్టి తీర్పు ఇవ్వలేం. నీలికాంతి అన్నది మీరే ఊహ అన్నారు, అక్కడితో ఆపుదాం.

వార్డు సిస్టర్
కంటి వార్డులో పనిచేస్తాను. మీ ఇద్దరూ మెదడు చుట్టూనే తిరుగుతున్నారు, మేము రోజూ చూసేది పడిపోవడాన్ని. శుక్లం ఉన్న పెద్దావిడ మెట్లు దిగేటప్పుడు గమనించండి. చివరి మెట్టు దగ్గర ఆగి, కాలి బొటనవేలితో నేల ఎక్కడుందో తడుముతుంది. అట్ట మీద అక్షరాలు చదవగలిగినా సరే, మెట్టు అంచుకీ నేలకీ రంగు తేడా తెలియదు. పరీక్షలో "చూపు పర్లేదు" అని రాసినవాళ్లే ఇలా తడబడతారు.

దీని మీద చీటీలు వేసి పంచినట్టు రెండు జట్లుగా చేసిన ట్రయల్ ఉంది, 2005లో ఇంగ్లండ్ నాటింగ్‌హామ్‌వాళ్లు ప్రచురించారు. 70 దాటిన 306 మంది ఆడవాళ్లు. సగం మందికి సుమారు నెలలోపు ఆపరేషన్, మిగతావాళ్లు మామూలుగా ఏడాదిపాటు వెయిటింగ్ లిస్టులో. తొందరగా చేసినవాళ్లలో పడిపోవడాలు 34 శాతం తక్కువ, ఎముక విరిగినవాళ్లు 3 శాతం, ఆగినవాళ్లలో 8 శాతం. ఇక్కడ లెక్కల గోల గారు చెప్పిన "గట్టివాళ్లే వెళ్లారు" అన్న మాట చెల్లదు, ఎవరు ఎటు వెళ్లాలో రోగి చేతుల్లో లేదు కాబట్టి. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు, కొందరు మళ్లీ లేచి నడవరు. అయితే అది మొదటి కంటి ఆపరేషన్ లెక్క, రెండో కంటికి ఇంత స్పష్టంగా తేలలేదు.

ఇంకోటి, కొత్త చూపు వచ్చిన మొదటి వారాలు జాగ్రత్త. ఒక కన్ను స్పష్టం, రెండోది మసక అయితే దూరం అంచనా తప్పుతుంది.

లెక్కల గోల
సిస్టర్ గారూ, ఇదీ నాక్కావాల్సిన రకం రుజువు. పడిపోవడం మాటకి నాకు అభ్యంతరం లేదు.

నాన్నగారి కొడుకు
అందరూ లాభాలే చెబుతున్నారు, నేను చేదు మాట చెబుతా. మా నాన్నగారికి చేయించాం, ఆపరేషన్ బాగానే జరిగింది, చూపు మాత్రం పెద్దగా రాలేదు. తర్వాత ఇంకో చోట చూపిస్తే రెటీనా మధ్యలో ముందునుంచే దెబ్బ ఉందని తేలింది, మొదటి చోట మాకు ఒక్క ముక్క చెప్పలేదు. ముందే తెలిస్తే కనీసం అంత ఆశ పెట్టుకునేవాళ్లం కాదు. కాబట్టి సంతకం పెట్టే ముందు "లెన్స్ మారిస్తే ఎంత చూపు రావచ్చు, వెనక రెటీనా ఎలా ఉంది" అని అడిగి తీరండి. షుగర్ ఉంటే మరీను.

వార్డు సిస్టర్
అవునండీ, అది అడగాల్సిందే. ఇన్ఫెక్షన్ అరుదే గాని వస్తే కన్నే పోవచ్చు, ఎర్రబడి నొప్పెట్టి చూపు తగ్గితే రాత్రయినా ఆగకుండా రావాలి. కొన్నాళ్లకి లెన్స్ వెనక పొర మసకబారితే లేజర్‌తో సరిచేస్తారు, దానికి టెన్షన్ పడొద్దు. మగవాళ్లు ప్రోస్టేటుకి టామ్సులోసిన్ వాడుతుంటే ముందే చెప్పాలి, దానివల్ల కంటిపాప సరిగా తెరుచుకోక డాక్టరు ఆపరేషన్ మధ్యలో ఇబ్బంది పడతారు.

మీ అన్నయ్య గారి "ముదిరాక" సంగతి పాతకాలం నాటిది. అప్పట్లో లెన్స్‌ని పెద్ద కోత పెట్టి మొత్తంగా తీసేవారు, ముదిరితేనే వీలు. 1967లో కెల్మన్ అనే డాక్టరు అల్ట్రాసౌండ్‌తో లోపలే నలగ్గొట్టి పీల్చే పద్ధతి తెచ్చాక లెక్క తిరగబడింది, గట్టిపడేకొద్దీ ఎక్కువ శక్తి వాడాలి, కంటి పైపొర వాస్తుంది. మరీ ముదిరితే లోపలి ద్రవం కారి కంటి ఒత్తిడి కూడా పెరగొచ్చు.

తేల్చుకోలేక
ఒక డౌటు. అమ్మ ఈమధ్య పేర్లు మర్చిపోతోంది, అందుకే డాక్టరు మాట నన్ను అంతలా పట్టుకుంది. జ్ఞాపకశక్తి పరీక్ష కూడా చేయించాలా?

లెక్కల గోల
చేయించండి, కానీ కన్ను సరిచేశాక చేస్తే ఇంకా నయం. ఆ పరీక్షల్లో చాలావాటిలో బొమ్మ చూసి గీయమంటారు, రాసింది చదవమంటారు. కనపడక తప్పు చేస్తే మార్కులు మెదడు ఖాతాలో పోతాయి. అయితే వంట మధ్యలో వదిలేయడం, దారి తప్పడం లాంటివి కూడా ఉంటే ఆగకండి, ఇప్పుడే చూపించండి. ఆపరేషన్ మాత్రం మతిమరుపు కోసం అని చేయించకండి, మెట్ల కోసం, మందు అట్ట కోసం, రాత్రి లైట్ల కోసం చేయించండి. మెదడుకి కూడా కలిసొస్తే మంచిదే.

తేల్చుకోలేక
కుడి కన్ను ముందు చేయిద్దామనుకుంటున్నాం, రెటీనా చూసి చెప్పమని అడిగాను. అన్నయ్యకి ఇదంతా పంపితే ముదరాలి అన్న మాట మానేశాడు గాని, దూరం, దగ్గర రెండూ కనిపించే మల్టీఫోకల్ లెన్స్ వేయిద్దాం, ఇక కళ్లజోడే అక్కర్లేదు అని కొత్త గొడవ మొదలెట్టాడు.

వార్డు సిస్టర్
ఆగమనండి. ఆ లెన్స్‌తో కొందరికి రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, అమ్మగారి బాధే రాత్రి లైట్లు. ఈ సంగతి లెన్స్ ఎంచుకునే రోజు డాక్టరుకి అమ్మగారి చేతే చెప్పించండి.